కస్టమర్ల దగ్గర పైసలు అడిగే స్పేర్ పార్ట్స్ షాపు: బయానా ఎక్కడ ఆగుతుంది, అప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న. తొర్రూరులో ఒక బైక్ స్పేర్ పార్ట్స్ షాపు ఉందనుకుందాం. చుట్టుపక్కల నెల్లికుదురు, దంతాలపల్లి, పెద్దవంగర, రాయపర్తి నుంచి మెకానిక్‌లు వచ్చి అక్కడే సామాను తీసుకుంటారు. ఒకరోజు షాపు ఓనర్ అందరినీ పిలిచి, "తలా పదివేలు వేయండి అన్నా, స్టాకు పెంచుదాం, మీకే లాభం" అన్నాడు. ఇయ్యాలా, వద్దా?

చాలామంది దీన్ని మనిషిని బట్టి తేల్చేస్తారు. మంచోడైతే ఇచ్చేయ్, కాకపోతే వద్దు. మనిషి మంచోడు కావడం అవసరమే, కానీ అది సరిపోదు. ఆ పదివేలకు కాగితం మీద పేరేంటి అన్నదే అసలు విషయం. బయానానా, అప్పా, వాటానా? పేరు మారితే చట్టం మారుతుంది, షాపు మునిగిన రోజు మీరు నిలబడే చోటు మారుతుంది. అది ఈరోజు విడదీసి చూద్దాం. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు, సీఏని కాదు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ పని చేసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాణ్ణి. పెద్ద మొత్తం అయితే మీరు ఒక సీఏని కలవాల్సిందే.

మొదట, షాపుకి పైసలు ఎందుకు తక్కువ పడతాయో చూద్దాం. బయటి నుంచి చూస్తే షాపు నిండా సామాను, రోజంతా గిరాకీ. కానీ లెక్క వేరే. ఒక స్ప్లెండర్‌కి చైన్ స్ప్రాకెట్ వేరు, పల్సర్‌కి వేరు, షైన్‌కి వేరు, ఎక్సెల్‌కి వేరు. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, కేబుళ్ళు, ఫోర్క్ ఆయిల్ సీళ్ళు, అన్నీ అంతే. దానికితోడు 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బండ్లు వచ్చాయి. అంతకుముందు మన దగ్గర మామూలు బండ్లలో ఎక్కువ కార్బొరేటర్వే. తర్వాత వచ్చినవి ఎక్కువ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి, కొత్తవీ రిపేర్‌కి వస్తున్నాయి. అంటే షాపువాడు కార్బొరేటర్ కిట్టూ పెట్టాలి, ఫ్యూయల్ పంపూ పెట్టాలి, ఇంజెక్టరూ పెట్టాలి, సెన్సార్లూ పెట్టాలి. ర్యాకులు డబుల్ అయ్యాయి, గిరాకీ డబుల్ కాలేదు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. షాపులో 8 లక్షల స్టాకు ఉంది. అందులో 2 లక్షలది ఏడాదిగా కదలని సామాను. మెకానిక్‌ల దగ్గర ఉద్దెర 3 లక్షలు. డిస్ట్రిబ్యూటర్‌కి కట్టాల్సింది రెండున్నర లక్షలు, మూడు వారాల గడువు. మెకానిక్ అన్న ఉద్దెర కట్టేది ఎప్పుడు? రైతు బండి రిపేర్ పైసలు ఇచ్చినప్పుడు. రైతు ఇచ్చేది ఎప్పుడు? వడ్లు అమ్మితే, పత్తి అమ్మితే. డిస్ట్రిబ్యూటర్ క్యాలెండర్ వారాల్లో నడుస్తుంది, మన ఊరి క్యాలెండర్ పంటల్లో నడుస్తుంది. ఆ రెండింటి మధ్య నలిగేది షాపు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ లెక్కలో షాపుకి కావాల్సిన డబ్బు బయట ఉంది. ఎవరి దగ్గర? కస్టమర్ల దగ్గరే. ఉద్దెర 3 లక్షలు అంటే షాపు తన కస్టమర్లకి మిత్తి లేకుండా ఇచ్చిన 3 లక్షల అప్పు. కాబట్టి ఓనర్ "పెట్టుబడి పెట్టండి" అని అడిగే ముందు చేయాల్సిన మొదటి పని ఉద్దెర ఖాతా తెరవడం. అందులో మూడో వంతు వసూలైనా లక్ష రూపాయలు వచ్చినట్టే. దాని మీద మిత్తి లేదు, రిస్క్ లేదు, చట్టం గొడవ లేదు. మెకానిక్‌గా మీరు కూడా ఆలోచించండి. మీరే 8 వేలు బాకీ ఉండి, ఇప్పుడు 10 వేలు అడ్వాన్స్ ఇస్తే, అందులో నిజంగా అడ్వాన్స్ 2 వేలే. మిగతాది పాత బాకీ తీర్చడం.

సరే, ఉద్దెర వసూలు చేశాడు, అయినా సరిపోలేదు. అప్పుడు కస్టమర్ల దగ్గర డబ్బు తీసుకోవడానికి దారులు మూడు.

మొదటిది బయానా. అంటే సామాను కోసం ముందుగా కట్టే డబ్బు. ఇది మనకు కొత్త కాదు. 1983లో మారుతి బుకింగులు తెరిచినప్పుడు జనం కారు చూడకుండానే 10 వేలు కట్టి లైన్లో నిలబడ్డారు. చిన్న షాపులో కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. 10 వేలు ఇప్పుడు కట్టండి, నాలుగు నెలల్లో 10,500 రూపాయల సామాను తీసుకోండి.

దీని మిత్తి ఎంతో లెక్క కడదాం, ఎందుకంటే డిస్కౌంట్ అనే మాట కింద మిత్తి దాక్కుని ఉంటుంది. నాలుగు నెలల్లో నెలాఖరున సమానంగా సామాను తీసుకుంటే, మీ డబ్బు సగటున రెండున్నర నెలలు షాపు దగ్గర ఉన్నట్టు. 10 వేల మీద 500 లాభం, రెండున్నర నెలలకు. అంటే నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి. షాపువైపు నుంచి చూస్తే, అతని మార్జిన్ 20 శాతం అనుకుంటే, ఆ 500 రూపాయల సామాను అతనికి పడేది 400కి. కాబట్టి అతనికి అయ్యే ఖర్చు నూటికి రూపాయి అరవై పైసలు. గిరిగిరి ఫైనాన్స్ కన్నా చాలా తక్కువ. కానీ ఏడాదికి 12 శాతానికి బ్యాంకు లోన్ దొరికితే అది నూటికి రూపాయే. అంటే బయానా చవక అప్పు కాదు. డిస్కౌంట్ 8 శాతం ఇచ్చాడంటే అదే లెక్కలో అతని ఖర్చు నూటికి రెండున్నర దాటుతుంది. ఎవరైనా 15 శాతం, 20 శాతం ఇస్తానంటే సంతోషపడకండి. అంత ఖర్చు పెట్టి డబ్బు తెచ్చుకుంటున్నాడంటే వేరే తలుపులన్నీ మూసుకుపోయాయేమో అడగండి.

మరి చవక కానప్పుడు బయానా ఎందుకు? దానితో సమాచారం వస్తుంది. ఇరవై మంది మెకానిక్‌లు ఏ బండికి ఏ పార్టు కావాలో రాసి డబ్బు కడితే, షాపువాడు కదలని సామాను కొనడు. పైన చెప్పిన 2 లక్షల డెడ్ స్టాకు మళ్ళీ తయారు కాదు. బయానాలో అసలు లాభం అదే.

రెండోది అప్పు. "పదివేలు ఇవ్వండి, ఏడాది తర్వాత 12 వేలు ఇస్తా." ఇది వినడానికి మామూలుగా ఉంటుంది, మన దగ్గర చేతి బదులు, ప్రామిసరీ నోటు అందరికీ తెలిసినవే. కానీ ఒక వ్యాపారం పదిమందిని, ఇరవైమందిని పిలిచి స్కీముగా డబ్బు తీసుకుంటే కథ మారుతుంది. 2019లో కేంద్రం నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం తెచ్చింది, బడ్స్ యాక్ట్ అంటారు. తిరిగి ఇస్తానని మాట ఇచ్చి తీసుకునే డబ్బు, డబ్బుగా తిరిగిచ్చినా, వస్తువుగా తిరిగిచ్చినా, మిత్తి ఉన్నా లేకపోయినా, డిపాజిట్ కిందకి రావచ్చు. కంపెనీయే కానక్కర్లేదు, ఒక మనిషి సొంత పేరు మీద నడిపే షాపుకి కూడా వర్తిస్తుంది. అనుమతి లేని డిపాజిట్ స్కీము కింద డబ్బు తీసుకుంటే 2 నుంచి 7 ఏళ్ళ జైలు, 3 లక్షల నుంచి 10 లక్షల జరిమానా. స్కీము ప్రచారం చేసి అడిగినందుకే 1 నుంచి 5 ఏళ్ళు. బంధువుల దగ్గర, బ్యాంకు దగ్గర తీసుకునేవి ఇందులోకి రావు. కానీ కస్టమర్లు బంధువులు కారు కదా.

మరి బయానా? దాన్ని ఈ చట్టం మినహాయించింది. వ్యాపారంతో నిజమైన సంబంధం ఉన్న అడ్వాన్స్, సామాను ఇవ్వలేకపోతే తిరిగిచ్చేది, డిపాజిట్ కాదు. కానీ ఒక షరతు ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి. డబ్బు తిరిగివ్వాల్సిన రోజు వచ్చాక 15 రోజులు దాటితే, ఆ బయానా డిపాజిట్ అయిపోయినట్టే చట్టం చూస్తుంది. షాపు కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే ఇంకో గడువు కూడా ఉంది. సామాను అడ్వాన్స్ తీసుకున్న 365 రోజుల్లోపు సర్దుబాటు కావాలి. అంటే బయానాకి ప్రాణం ఉన్నది తేదీలోనే. తేదీ లేని బయానా మెల్లగా అప్పు అయిపోతుంది.

తెలుగువాళ్ళకి ఈ గీత ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పాలా? అగ్రిగోల్డ్ గుర్తుంది కదా. ప్లాట్లు ఇస్తామని, లేదంటే గడువు తీరాక ఎక్కువ డబ్బు ఇస్తామని, సుమారు 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా తీసుకున్నారు. చూడటానికి అది ప్లాటు కోసం కట్టిన అడ్వాన్సే. లోపల అది డిపాజిట్. కాగితం మీద సామాను పేరు ఉన్నంత మాత్రాన బయానా కాదు, ఆ సామాను నిజంగా చేతికి వచ్చే దారి ఉండాలి.

మూడోది వాటా. "లాభంలో భాగం ఇస్తా." ఇక్కడ రెండు రకాలు. షాపు పార్ట్‌నర్‌షిప్ అయితే, మీరు నిజంగా పార్ట్‌నర్‌గా చేరితే, లాభంతో పాటు అప్పులు కూడా మీవే. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ బాకీకి ప్రతి పార్ట్‌నర్ విడిగా కూడా బాధ్యుడే. మీరు పెట్టింది పదివేలే కావచ్చు, డిస్ట్రిబ్యూటర్ రెండున్నర లక్షలకీ మీ ఇంటికి రావచ్చు. ఈ ఒక్క మాట తెలియక సంతకాలు పెట్టేవాళ్ళు ఉంటారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మీ రిస్క్ మీరు పెట్టిన డబ్బు వరకే. కానీ ప్రైవేట్ కంపెనీ షేర్లు కొనమని జనానికి ప్రకటన ఇవ్వకూడదు, పేరుపేరునా పిలిచి ఏడాదికి 200 మందికి మించి ఇవ్వజూపకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో "షేర్లు తీసుకోండి" అని పోస్టు వేస్తే అక్కడే తప్పు. ఇంటర్నెట్‌లో షేర్లమ్మి చిన్న కంపెనీలు డబ్బు తెచ్చుకునే క్రౌడ్ ఫండింగ్ గురించి సెబీ 2014లో చర్చా పత్రం పెట్టింది కానీ అది నిబంధనలుగా మారలేదు. 2016లో అనుమతి లేని వెబ్‌సైట్లతో జాగ్రత్త అని హెచ్చరించింది కూడా.

ఇప్పుడు బయటి ప్రపంచంలో ఏం జరిగిందో చూద్దాం. బైకుల రంగంలోనే రెండు పెద్ద ఉదాహరణలు.

ఒకటి నార్టన్. 1898లో ఇంగ్లాండ్‌లో మొదలైన పేరు. వీ4 అనే ఖరీదైన బైకు కోసం కస్టమర్లు ముందే డిపాజిట్లు కట్టారు. 2020 జనవరి 29న కంపెనీ దివాలా పాలనలోకి వెళ్ళింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన హోసూరు టీవీఎస్ ఆ వ్యాపారాన్ని 1.6 కోట్ల పౌండ్లకు కొంది. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఏంటంటే, బ్రాండు బతికింది. కానీ ఆస్తులు కొన్నంత మాత్రాన పాత కంపెనీ తీసుకున్న డిపాజిట్ల బాకీ కొత్త ఓనర్‌కి రాదు. డిపాజిట్ కట్టినవాడు తాకట్టు లేని అప్పులవాళ్ళ లైన్లో చివర నిలబడాలి. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు ముందు, మీరు వెనక. తొర్రూరు షాపుకి కూడా అంతే. స్టాకు మీద బ్యాంకు లోన్ ఉంటే, షాపు మూతపడిన రోజు ర్యాకుల్లో కనిపించే సామాను ముందు బ్యాంకుది.

రెండోది స్కల్లీ. అమెరికాలో, లోపలే స్క్రీన్ కనిపించే స్మార్ట్ హెల్మెట్ తయారుచేస్తామని 2014లో ఇండీగోగోలో డబ్బు అడిగారు. సుమారు 24 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ తర్వాత పెద్ద ఇన్వెస్టర్లు కూడా వచ్చారు. 2016లో కంపెనీ మూసేశారు, వేలమందికి హెల్మెట్ రాలేదు, డబ్బూ రాలేదు. నార్టన్‌కీ దీనికీ తేడా చూడండి. ఇక్కడ వస్తువే ఇంకా పూర్తిగా తయారు కాలేదు. "ఉన్న సామాను తెప్పిస్తా" అని అడగడం వేరు, "కొత్తది తయారుచేస్తా" అని అడగడం వేరు. మన ఊర్లో వెల్డింగ్ షాపాయన పాల క్యాన్ల స్టాండు కొత్త డిజైన్ చేస్తానని అడ్వాన్స్ అడిగితే, ముందు ఒకటి చేసి బండికి బిగించి నెల రోజులు తిప్పి చూపించమనండి. తర్వాత బయానా.

మంచి ఉదాహరణ లేదా అంటే, ఉంది, మన పక్కనే ఉంది. ముల్కనూరు. భీమదేవరపల్లి మండలం, ఇప్పుడు హనుమకొండ జిల్లా. 1956లో 373 మంది రైతులు 2,300 రూపాయల వాటాధనంతో సహకార సంఘం పెట్టుకున్నారు. అలిగిరెడ్డి విశ్వనాథ రెడ్డి గారు దానికి మూలపురుషుడు. ఎరువులు కొనేవాళ్ళు వాళ్ళే, అప్పు తీసుకునేవాళ్ళు వాళ్ళే, ఓనర్లూ వాళ్ళే. అంటే కస్టమర్ల డబ్బుతో నడిచే వ్యాపారం. అది దశాబ్దాలు నిలబడింది, తర్వాత అక్కడి మహిళలు స్వకృషి డెయిరీ కూడా పెట్టుకున్నారు. తేడా ఎక్కడ? డబ్బు ఇచ్చినవాడికి ఓటు ఉంది, లెక్క చూసే హక్కు ఉంది. మెకానిక్‌లు నిజంగా కలిసి సామాను కొనుక్కోవాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద కనీసం పదిమందితో సంఘం పెట్టుకునే దారి ఉంది. అప్పుడు ఒక ఓనర్‌కి పదివేలు ఇవ్వడం కాదు, మీ డిస్ట్రిబ్యూటర్‌తో మీరే బేరం ఆడటం.

సరే, ఇప్పుడు పనికొచ్చే మాటలు. షాపు ఓనర్ అడిగేముందు ఏం చేయాలి? ఉద్దెర వసూలు అన్నాం. తర్వాత బ్యాంకు. ముద్ర లోన్‌లో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు, తాకట్టు లేకుండా. దానికి ఉద్యం రిజిస్ట్రేషన్, జీఎస్‌టీ రిటర్న్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ సరిగ్గా ఉంటే పని సులువు. అవన్నీ చేశాక కూడా కస్టమర్ల దగ్గరికి వస్తే, బయానాగానే రండి. ఒక్కొక్కరి దగ్గర ఎంత, ఏ సామానుకి, ఏ తేదీలోపు, ఇవ్వలేకపోతే ఎన్ని రోజుల్లో వాపసు, ఈ నాలుగూ రసీదు మీద రాయండి. ఆ డబ్బుకి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ఆ ఖాతా నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి తప్ప ఇంకెవరికీ పోకూడదు. షాపు కిరాయి, చిట్టీ, ఇంటి ఖర్చు, పాత అప్పు, ఏదీ అందులోంచి కాదు.

ధర విషయం కూడా రాసుకోండి. బైకు పార్టుల మీద జీఎస్‌టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయ్యింది. ఆ తేదీకి ముందు బయానా కట్టి తర్వాత సామాను తీసుకున్నవాడికి తగ్గిన ధర వర్తిస్తుందా అన్నది కాగితంలో లేకపోతే గొడవే. "సామాను ఇచ్చే రోజు ఎమ్మార్పీ మీద ఇంత శాతం తక్కువ" అని రాస్తే ఇద్దరికీ క్లియర్. సామాను మీద తీసుకునే అడ్వాన్స్‌కి రెగ్యులర్ జీఎస్‌టీ డీలర్ అప్పుడే పన్ను కట్టక్కర్లేదు, బిల్లు చేసినప్పుడు కడితే చాలు.

ఇచ్చేవాళ్ళ వైపు. నగదుగా ఇవ్వకండి, యూపీఐ చేయండి, అదే మీ సాక్ష్యం. మీకు రెండు మూడు నెలల్లో ఎలాగూ కావాల్సిన సామానుకి మించి ఒక్క రూపాయి కట్టకండి. మొత్తం ఒకేసారి కాకుండా మొదట చిన్నగా కట్టండి, ఆ సామాను టైముకి వస్తే తర్వాత చూడండి. సొంత బండి కోసం కొనే కస్టమర్ అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. కానీ తిరిగి అమ్మడానికి కొనేవాడు ఆ చట్టంలో వినియోగదారుడు కాడు. కాబట్టి మెకానిక్‌కి రసీదు ఇంకా ముఖ్యం.

మేము కోడ్ రాసేటప్పుడు ఒక అలవాటు ఉంటుంది. పని సక్సెస్ అయితే ఏం జరుగుతుందో అందరూ రాస్తారు. ఫెయిలైతే ఏం జరగాలో కూడా ముందే రాసినవాడి కోడే నిలబడుతుంది. బయానా కాగితం కూడా అంతే. అందుకే ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఈ సామాను రాకపోతే నా పైసలు ఏ తేదీకి, ఏ ఖాతా నుంచి వస్తాయి?" జవాబు వెంటనే వస్తే, అది కాగితం మీద రాయడానికి అతను ఒప్పుకుంటే, ఇవ్వొచ్చు. "మన మధ్య కాగితాలెందుకు తమ్మీ" అంటే, ఆయన ఎంత మంచోడైనా సరే, అది బయానా కాదు. మీరు ఆయన పాత అప్పుల్లో కొత్త అప్పు అవుతున్నారు.

షాపు నిలబడటం మనకూ అవసరమే. అది మూతపడితే ఒక క్లచ్ కేబుల్ కోసం వరంగల్‌కో ఖమ్మానికో పోవాలి, బండి రెండు రోజులు షెడ్డులో ఉంటుంది, పాలు పోసే రైతుకి రెండు పూటల గిరాకీ పోతుంది. అందుకే ఇవ్వొద్దు అని నేను చెప్పట్లేదు. సామాను పేరు, తేదీ, వాపసు గడువు, విడి ఖాతా, ఇవి నాలుగూ చూసుకుని ఇవ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో ముద్ర లోన్ ఫైల్‌లో బ్యాంకువాళ్ళు ఏ కాగితాలు ఎందుకు అడుగుతారో చూద్దాం.